పదహారు, పదిహేడవ శతాబ్దాల రష్యా రాయబారులు పరాయి కొలువుల్లో సమాచారం ఎలా సేకరించేవారు?

ప్రశ్న — కృష్ణాతీరం

పీటర్ చక్రవర్తికి ముందున్న మస్కోవీ రాజ్యం, అంటే మాస్కో కేంద్రంగా ఉన్న నాటి రష్యా గురించి కొంతకాలంగా చదువుతున్నాను. ఒక విషయం ఎంత ఆలోచించినా నాకు పొసగడం లేదు. ఆ రాజ్యానికి పదిహేడవ శతాబ్దం చివరి వరకు విదేశాలలో స్థిరంగా ఉండే రాయబార కార్యాలయాలు దాదాపు లేవు. పంపిన రాయబారులలో చాలామందికి వెళ్లిన దేశపు భాష రాదు. పైగా ఆతిథ్యమిచ్చిన ప్రభువు వారిని ఒక విడిదిలో ఉంచి, వాకిట కాపలా పెట్టి, రాజదర్శనం అయ్యేదాకా ఎవరితోనూ కలవనివ్వకపోవడం చాలాచోట్ల ఆచారంగా ఉండేది. ఇన్ని అడ్డంకుల మధ్య కూడా పోలండ్‌లో రాజుకూ ప్రభువర్గానికీ మధ్య ఏం జరుగుతున్నదో, సుల్తాను సేనలు ఎటు కదులుతున్నాయో మాస్కోకు బాగానే తెలిసినట్టు కనిపిస్తుంది. ఇది ఎలా సాధ్యమైంది?

దీనికి అనుబంధంగా మరొకటి. ఈ రాయబారులు తిరిగి వచ్చి సమర్పించిన నివేదికలను చరిత్రకారులు విరివిగా వాడుకుంటారు. వాటిని ఎంతవరకు నమ్మవచ్చు? వీరిని వేగులు అని పిలవడం న్యాయమేనా?

సమాధానం — పాతపుటలు

మీరు చెప్పిన అడ్డంకులన్నీ నిజమే. అయితే ఆ వ్యవస్థ రాయబారి చొరవ మీద ఆధారపడింది కాదు. అతను ఏం అడగాలో, ఎవరిని అడగాలో, తనను అడిగితే ఏం చెప్పాలో మాస్కోలోనే కాగితం మీద నిర్ణయమయ్యేది.

1549లో ఇవాన్ విస్కొవాతీ చేతికి విదేశీ వ్యవహారాలు అప్పగించినప్పటి నుంచి పొసోల్స్కీ ప్రికాజ్ అనే కచేరీ ఈ పనంతా చూసేది. బయలుదేరే ముందు రాయబారికి నకాజ్ అనే ఆదేశపత్రం ఇచ్చేవారు. దానిలో సగభాగం నాటకంలోని సంభాషణల్లా ఉంటుంది: ‘మీ ప్రభువుకూ క్రిమియా ఖానుకూ సఖ్యత ఎలా ఉంది అని అడిగితే ఇలా చెప్పవలెను, పోలండ్ సంగతి ఎత్తితే అలా చెప్పవలెను, ఇంతకు మించి అడిగితే నాకు తెలియదు, నేను ఆ పని మీద రాలేదు అనవలెను’ అనే ధోరణి. మిగిలిన భాగం తెలుసుకు రావలసిన సంగతుల పట్టిక. ఆ రాజుకు తురుష్క సుల్తానుతో, పోపుతో, జర్మన్ దేశాల చక్రవర్తితో, పోలండ్‌తో, స్వీడన్‌తో ఇప్పుడు సంధి ఉన్నదా, యుద్ధం ఉన్నదా, వారసుడు ఎవరు, కొలువులో ఎవరి మాట చెల్లుతోంది, ఖజానా ఎలా ఉంది, సేన ఎంత, ఇవన్నీ గుట్టుగా, గట్టిగా విచారించి రాసుకు రావాలని ఆజ్ఞ. ఒకే రకమైన ప్రశ్నలు దశాబ్దాల తరబడి అందరు రాయబారులకూ ఇవ్వడం వల్ల, ఒక్కొక్కరు తెచ్చింది తక్కువే అయినా, కచేరీలో పాత జవాబుల పక్కన కొత్త జవాబును పెట్టి పోల్చుకునే వీలుండేది.

ఇక ఎవరిని అడగాలి? ఇక్కడే ఒక తమాషా ఉంది. రాయబారిని కనిపెట్టి ఉండడానికి ఆతిథ్యదేశం నియమించే అధికారిని రష్యన్లు ప్రిస్తావ్ అనేవారు. తిండీ బండీ ఏర్పాటు చేసేదీ అతడే, బయటకు వెళ్లకుండా చూసేదీ అతడే. కాని వారాల తరబడి ఒకే దారిలో ప్రయాణం చేసి, ఒకే బల్ల దగ్గర భోజనం చేసే మనిషి కాబట్టి, రాయబారికి మొట్టమొదట దొరికే సమాచారమూలం కూడా అతడే అయ్యేవాడు. ఆ తరువాత దుబాసీలు, రష్యాతో వ్యాపారం చేసే వర్తకులు, బందీలుగా చిక్కి అక్కడే ఉండిపోయిన స్వదేశీయులు, సనాతన క్రైస్తవ మఠాల సన్యాసులు. సంచిలో నాణేలకంటే సేబుల్ అనే జంతువు చర్మాలు ఎక్కువగా ఉండేవి. బహుమతిగా ఇచ్చినా, అమ్ముకున్నా, ఎవరి నోరైనా తెరిపించడానికి వాడినా అవే పనికివచ్చేవి.

ఉదాహరణకు 1600లో బోరిస్ గొదునోవ్ ఇంగ్లండుకు పంపిన గ్రిగోరీ మికూలిన్‌ను చూడండి. అతను లండన్‌లో ఉండగానే, 1601 ఫిబ్రవరిలో, ఎసెక్స్ ప్రభువు తిరుగుబాటు జరిగింది. నకాజ్ రాసినవారు ఊహించని ఘటన అది. అయినా మికూలిన్ దానిని తన నివేదికలో నమోదు చేశాడు. నగరం ఆయుధాలు పట్టడం, తిరుగుబాటు విఫలం కావడం, ఎసెక్స్ శిరచ్ఛేదం, అన్నీ అందులో ఉన్నాయి. కానీ అదే మికూలిన్ లండన్ మేయరు విందుకు పిలిస్తే వెళ్లలేదు. మేయరు తనకంటే పై స్థానంలో కూర్చుంటాడని తెలియడమే కారణం. నగరంలోని వర్తక ప్రముఖులందరూ ఒకచోట దొరికే విందును వదులుకోవడం మనకు వెర్రితనంగా తోస్తుంది గానీ, జార్ గౌరవాన్ని ఒక మెట్టు దించి సమాచారం తెచ్చే రాయబారికి మాస్కోలో మన్నన కాదు, శిక్ష దొరికేది. వీరి పనిని అంచనా వేసేటప్పుడు ఈ బేరాన్ని మరవకూడదు.

వేగులు అనే మాట గురించి: రాయబారి రహస్యంగా విచారించడం ఆనాడు అన్ని కొలువులకూ తెలిసిన సంగతే, మాస్కోకు వచ్చిన విదేశీయులు చేసిందీ అదే. కాబట్టి ఆ మాట వాడితే తప్పు లేదు గానీ, వాడినందువల్ల కొత్తగా తెలిసేదీ లేదు.

సమాధానం — గోదారిగట్టు

పాతపుటలు గారు చెప్పినదానికి గెరాసిమ్ దొఖ్తురోవ్ ఉదంతం కలపాలి. నా దృష్టిలో ఈ చర్చకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

1645లో జార్ అలెక్సీ గద్దె ఎక్కిన వార్తను ఇంగ్లండు రాజు చార్లెస్‌కు చెప్పడానికి దొఖ్తురోవ్‌ను పంపారు. అతనిది గొనేత్స్ హోదా, అంటే మహారాయబారికీ, మామూలు దూతకూ కింద వచ్చే వార్తాహరుడి స్థాయి. తీరా లండన్ చేరేసరికి రాజు అక్కడ లేడు, దేశం అంతర్యుద్ధంలో ఉంది, నగరం పార్లమెంటు చేతిలో ఉంది. రాజుకు రాసిన లేఖను రాజుకే ఇస్తానని అతను పట్టుబట్టాడు. రాజు దగ్గరికి పంపడానికి పార్లమెంటు ఒప్పుకోలేదు. ఇలా నెలలు గడిచాయి. చివరకు 1646 వేసవిలో పార్లమెంటు అతనికి గౌరవంగా స్వాగతం పలికింది. లేఖను మాత్రం అతను ఇవ్వలేదు.

పని జరగకపోవడం వల్లనే అతను చాలా నేర్చుకున్నాడు. ఖాళీగా కూర్చున్న ఆ నెలల్లో, రాజుకూ పార్లమెంటుకూ వైరం ఎందుకు వచ్చింది, రెండు సభలలో ఎవరు కూర్చుంటారు, ఎవరి తరఫున ఎవరు పోరాడుతున్నారు అని అడిగి రాసుకున్నాడు. రాజు తన ఇష్టప్రకారం ఏలాలనుకున్నాడనీ, ఆ దేశంలో పూర్వం నుంచీ పార్లమెంటు చేతిలో అధికారం ఉందనీ వచ్చే వివరణ అతని నివేదికలో కనిపిస్తుంది. ఒక్క మనిషి ఇచ్ఛే చట్టమైన రాజ్యం నుంచి వచ్చిన గుమాస్తా స్థాయి ఉద్యోగికి ఈ సంగతి ఎంత వింతగా ఉండి ఉంటుందో ఊహించండి. అతనికి ఇవన్నీ చెప్పినవారు ఎవరు? చాలావరకు, రష్యాతో వర్తకం చేసే ఇంగ్లీషు కంపెనీ మనుషులూ, పార్లమెంటు నియమించిన అధికారులూ. అంటే మనం చదివేది ఒక పక్షం వారు చెప్పిన కథ. ఆ పక్షపాతాన్ని సరిచూసుకునే దారి అతనికి లేదు.

రాజును ఉరుము లేని పిడుగులా 1649లో చంపేశాక, అదే సంవత్సరం జార్ అలెక్సీ ఇంగ్లీషు వర్తకులను రష్యా లోపలి నగరాల నుంచి వెళ్లగొట్టి అర్ఖాంగెల్స్క్ రేవుకే పరిమితం చేశాడు. తమ రాజునే చంపుకున్నారన్నది పైకి చెప్పిన కారణం. ఆ వర్తకుల పోటీని ఓర్వలేక రష్యన్ వ్యాపారులు అంతకు ముందునుంచే మొరపెట్టుకుంటున్నారన్నదీ నిజం.

ఇంకో చిన్న సంగతి. అన్ని ప్రశ్నలూ యుద్ధాల గురించే ఉండేవి కావు. 1582లో ఇంగ్లండు వెళ్లిన ఫ్యోదర్ పీసెమ్స్కీకి అప్పగించిన పనులలో ఒకటి, ఇవాన్ జార్‌కు వధువుగా అనుకున్న మేరీ హేస్టింగ్స్‌ను కళ్లారా చూసి, ఎత్తు, రంగు, ఒడ్డూ పొడుగూ రాసుకుని, చిత్రపటంతో సహా రావడం. మరుసటి ఏడాది ఒక తోటలో ఆమెను దూరం నుంచి చూపించారు. పొడగరి, సన్నని మనిషి, తెల్లని ముఖం అని అతను రాశాడు. పెళ్లిచూపులు కూడా రాజ్యవ్యవహారమే మరి.

సమాధానం — సందేహాలరావు

పై ఇద్దరూ నివేదికలను కొంచెం ఎక్కువగానే నమ్ముతున్నారని నా అనుమానం. ప్రశ్నలోని రెండవ భాగానికి ఇంతవరకు ఎవరూ నేరుగా జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను.

స్తతేయ్నీ స్పీసొక్ అనే ఈ నివేదిక రోజువారీ దినచర్య రూపంలో ఉంటుంది: ఫలానా రోజు ఫలానావారు వచ్చారు, ఇలా అన్నారు, మేము అలా అన్నాము. చదివేవారికి అక్కడే కూర్చుని విన్నట్టు ఉంటుంది. కానీ అది ఆదేశపత్రానికి సమాధానపత్రం. నకాజ్‌లో ఇలా చెప్పవలెను అని ఉన్న వాక్యమే నివేదికలో ఇలా చెప్పాము అని తిరిగి కనిపిస్తే, ఆ మాట నిజంగా అన్నారో, అన్నట్టు రాశారో మనకెలా తెలుస్తుంది?

ఈ అనుమానం నాది కాదు, ఆ కచేరీలోనే పనిచేసిన గ్రిగోరీ కొతోషీఖిన్‌ది. ఒక పత్రంలో జార్ బిరుదు రాస్తూ ఒక మాట వదిలేసినందుకు 1660లో బెత్తం దెబ్బలు తిన్న గుమాస్తా ఇతను. 1663లో మాస్కోలోని స్వీడన్ ప్రతినిధికి 40 రూబుళ్లకు రహస్యాలు అమ్మాడు, 1664లో పారిపోయాడు, స్టాక్‌హోమ్ చేరి రష్యా పాలన గురించి వివరంగా ఒక గ్రంథం రాశాడు, తాగిన మైకంలో ఇంటి యజమానిని చంపి 1667లో మరణశిక్షకు గురయ్యాడు. రాయబారులు తమ నివేదికలలో జరిగిన సంభాషణను జరిగినట్టు కాక, తమ తెలివి కనబడేలా అందంగా తీర్చి రాస్తారని అతను కుండబద్దలు కొట్టినట్టు రాశాడు. అలా రాసి జార్‌నూ, మంత్రులనూ మోసం చేస్తారు, ఎందుకంటే అక్కడ ఏం జరిగిందో చెప్పేవారు వేరే ఎవరూ ఉండరు అని అతని వాదన. ద్రోహి మాటకు విలువేమిటని కొట్టిపారేయవచ్చు గానీ, జార్ అలెక్సీకి కూడా ఇదే అనుమానం ఉండేదని అతనే ఇంకొక చోట చెప్పినది గమనించాలి: జార్ తన సొంత రహస్య కచేరీ గుమాస్తాలను రాయబారుల వెంట పంపేవాడు; వాళ్ల పని రాయబారుల మీద కన్నువేసి, తిరిగి వచ్చాక జార్‌కు విడిగా చెప్పడం. వేగుల మీద వేగులన్నమాట. రాయబారుల నివేదికల మీద నమ్మకమే ఉంటే ఇంత అవస్థ ఎందుకు?

కాబట్టి నా పద్ధతి ఇది. రాయబారి తాను ఎంత ధైర్యంగా జవాబిచ్చాడో చెప్పే పుటలను నేను సందేహంతో చదువుతాను. అతనికి ఏ లాభమూ లేని వివరాలను ఎక్కువ నమ్ముతాను. ఉదాహరణకు 1667-68లో స్పెయిన్ వెళ్లిన ప్యోత్ర్ పొత్యోమ్కిన్, ఆ దేశంలో ఉన్న 6 నెలలలో తాగి వీధిలో పడిపోయిన మనిషి ఒక్కడు కూడా తమకు కనబడలేదని రాశాడు. ఇందులో గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. తన దేశపు వీధులు గుర్తుకొచ్చి ఆశ్చర్యపోయాడంతే. అలాగే 1659-60లో ఫ్లోరెన్స్ వెళ్లిన వసీలీ లిఖచోవ్, రంగస్థలం మీద సముద్రం కదలడం, చేపల మీద మనుషులు సవారీ చేయడం, మేఘాల నుంచి మనుషులు దిగిరావడం చూసి నోరు తెరిచి, ఆ ఆటకు 8000 ఎఫీమ్కీల వెండి నాణేలు ఖర్చయిందని కూడా అడిగి తెలుసుకుని రాశాడు. ఎంత మైమరచినా ఖర్చెంతని అడగడం మానలేదు చూశారా, అది కచేరీ నేర్పిన అలవాటు.

కృష్ణాతీరం

ముగ్గురికీ కృతజ్ఞతలు. సందేహాలరావు గారు చెప్పిన పద్ధతి నాకు నచ్చింది గానీ ఒక చిక్కు ఉంది: తనకు లాభం లేని వివరమని మనం అనుకునేది అతనికి నిజంగా లాభం లేనిదో కాదో ఎలా తెలుస్తుంది? దానిని అలా ఉంచి, ఉదాహరణలన్నీ పడమటి కొలువులవే వచ్చాయి. క్రిమియా, ఇస్తాంబుల్, చైనా, మన దేశం వైపు పరిస్థితి వేరుగా ఉండేదా?

సమాధానం — పాతపుటలు

చాలా వేరుగా ఉండేది, ముఖ్యంగా క్రిమియాలో. అక్కడ సమాచారం ప్రతిష్ఠకు సంబంధించింది కాదు, ప్రాణాలకు సంబంధించింది. వేసవిలో తాతారు గుర్రపు సేన ఎటు వస్తుందో ముందుగా తెలిస్తే సరిహద్దు ఊళ్లు బతుకుతాయి. 1563లో వెళ్లిన అఫనాసీ నగోయ్ దాదాపు 10 ఏళ్లు అక్కడే ఉండిపోయాడు. ఖాను అతన్ని పంపనూ పంపడు, సరిగా చూడనూ చూడడు. అతను మాత్రం డబ్బూ, చర్మాలూ ఇచ్చి ఖాను కొలువులోని తాతారులను, స్థానిక యూదులను తనవైపు తిప్పుకుని కబుర్లు రాబట్టేవాడు. 1571లో ఖాను దెవ్లెత్ గిరాయ్ మాస్కోను తగలబెట్టినప్పుడు కూడా నగోయ్ క్రిమియాలోనే ఉన్నాడు.

ఆ కాలంలోనే సెమ్యోన్ మాల్త్సెవ్ అనే అతను సమాచారం తెచ్చిన తీరు ఏ నకాజ్‌లోనూ ఉండదు. నొగాయ్ తెగల దగ్గరకు దూతగా వెళ్లి తిరిగి వస్తూ 1569లో శత్రువులకు చిక్కాడు. అతన్ని తురుష్కుల ఓడలో గొలుసులతో కట్టేశారు. అది రష్యా చేతిలో ఉన్న అస్త్రఖాన్ నగరం మీదికి వెళుతున్న దండు. దోన్ నది నుంచి వోల్గాకు కాలువ తవ్వబోయి వల్లకాక వదిలేయడం, సైనికుల సణుగుడు, అస్త్రఖాన్ నుంచి వెనుదిరగడం, దారిలో ఆకలి దప్పులు, అన్నీ బందీగా చూసి, తరువాత మాస్కోకు నివేదించాడు. ఆ దండయాత్ర గురించి మనకున్న ముఖ్యమైన ప్రత్యక్ష కథనాలలో అది ఒకటి. సందేహాలరావు గారూ, గొలుసులలో ఉన్నవాడు గొప్పలు చెప్పుకోలేదు కాబట్టి మీకు కూడా ఇది అంగీకారమే అవుతుందనుకుంటాను.

ఇస్తాంబుల్‌లో ప్రధానాధారం మతం. జెరూసలేం పేట్రియార్క్ దోసితేయ్ వంటి గ్రీకు మతపెద్దలు సుల్తాను కొలువు సంగతులను మాస్కోకు చేరవేసేవారు. 1702లో అక్కడ తొలి స్థిర రాయబారిగా చేరిన ప్యోత్ర్ తొల్స్తోయ్ చేతికి పీటర్ రహస్య ప్రశ్నావళి ఇచ్చాడు: సుల్తాను స్వభావం, ఖజానా, సేన, నల్లసముద్రపు నౌకాబలం గురించి విడివిడిగా ప్రశ్నలు. ఇంటి చుట్టూ కాపలా, తన దగ్గరికి రావడానికి స్థానిక క్రైస్తవులు భయపడడం గురించి అతను మొరపెట్టుకున్నాడు గానీ, దోసితేయ్ సహాయంతోనూ, సవ్వా వ్లదిస్లావిచ్ అనే వర్తకుడి సహాయంతోనూ జవాబులు పంపాడు. 1710లో యుద్ధం ప్రకటించగానే అతన్ని ఏడు బురుజుల కోటలో బంధించారు.

చైనాలో మతం మరోలా పనికివచ్చింది. 1676లో బీజింగ్ చేరిన నికొలాయ్ స్పఫారీకి చైనా భాష రాదు. చక్రవర్తి కొలువులో దుబాసీగా ఉన్న జెసూయిట్ పాదరీ ఫెర్దినాండ్ వెర్బీస్త్‌కు రష్యన్ రాదు. ఇద్దరికీ లాటిన్ వచ్చు. ఎదుట కూర్చున్న చైనా అధికారులకు ఆ భాష తెలియదు. చర్చల మధ్యలోనే, ఆ తరువాతా, అముర్ నది మీది రష్యన్ కోటల గురించి కొలువు ఆలోచన ఏమిటో పాదరీ నుంచి స్పఫారీ తెలుసుకున్నాడు. ఒక కొలువు తన తరఫున మాట్లాడడానికి పెట్టుకున్న మనిషే అవతలివాడికి సమాచారమూలమవడం చూస్తే, పైన చెప్పిన ప్రిస్తావ్ సంగతి మళ్లీ గుర్తుకొస్తుంది.

సమాధానం — గోదారిగట్టు

స్థిర రాయబారుల గురించి కొంచెం సవరణ. దాదాపు లేవు అన్నది సరే. కానీ 1635లోనే స్టాక్‌హోమ్‌లో ద్మీత్రీ ఫ్రాంత్స్‌బెకోవ్‌ను ప్రతినిధిగా ఉంచారు, ఏడాది తిరిగేసరికి వెనక్కి పిలిచారు. ఆ తరువాత 1673 నుంచి 1677 వరకు వార్సాలో వసీలీ త్యాప్కిన్ ఉన్నాడు. మన పాత రాజ్యాలలో స్థానాపతి అనేవారే, దాదాపు అలాంటి ఉద్యోగం. డబ్బు చాలడం లేదన్నది అతని ఉత్తరాలలో తరచుగా వినిపించే గోడు.

అసలు మార్పు తపాలాతో వచ్చింది. 1665లో యాన్ వాన్ స్వీడెన్ అనే డచ్ వ్యాపారితో ఒప్పందం చేసుకుని రీగా మీదుగా క్రమం తప్పని తపాలా ఏర్పాటు చేశారు. విదేశీ వార్తాపత్రికలు తెప్పించడం ఆ ఒప్పందంలో ముఖ్యాంశం. 1669కల్లా విల్నా మీదుగా మరో దారి తెరుచుకుంది. పొసోల్స్కీ ప్రికాజ్ అనువాదకులు జర్మన్, డచ్ పత్రికల నుంచి అవసరమైనవి ఏరి రష్యన్‌లోకి మార్చేవారు. జార్‌కూ, మంత్రులకూ చదివి వినిపించే ఈ చేతిరాత వార్తలనే నేడు వేస్తీ-కురాంతీ అంటారు. కొతోషీఖిన్ లెక్క ప్రకారం ఆ కచేరీలో 50 మంది అనువాదకులూ, 70 మంది దుబాసీలూ ఉండేవారు. తపాలా వచ్చాక రాయబారి నెలల తరువాత తెచ్చే పాత కబురుకు గిరాకీ తగ్గింది. అచ్చులో రాని సంగతులు, అంటే ఎవరు ఎవరికి లొంగుతారు, ఎవరిని కొనవచ్చు అన్నవే అతని దగ్గర ఆశించేవారు.

మన దేశం సంగతి అడిగారు కదా. 1675లో మహమ్మద్ యూసుఫ్ కసీమోవ్‌ను ఔరంగజేబు కొలువుకు పంపారు. భారతదేశానికి దారులేవి, ఏయే సరుకులు దొరుకుతాయి, రాజు బలమెంత అనేవి తెలుసుకు రమ్మని అతనికీ ఆదేశం ఉంది. కాబూల్ దాటి అతన్ని రానివ్వలేదు. ఆ తరువాత 1695లో బయలుదేరిన సెమ్యోన్ మాలెంకీ అనే వర్తకుడు పర్షియా మీదుగా ఓడలో సూరత్ చేరి, దక్కనులో యుద్ధశిబిరంలో ఉన్న ఔరంగజేబును కలిసి, వర్తకానికి ఫర్మానా సంపాదించి, ఆగ్రా, ఢిల్లీ కూడా చూశాడు. గోల్కొండ పడిపోయి అప్పటికి దాదాపు పదేళ్లే అయింది. మన ప్రాంతపు సంగతులు ఆ శిబిరంలో అతని చెవిన పడే ఉంటాయన్నది నా ఊహ మాత్రమే. తిరుగుదారిలో షెమాఖా దగ్గర అతను చనిపోయాడు. తన నోటితో నివేదిక చెప్పే అవకాశం అతనికి రాలేదు.